బూడిదలో వైసు

"ఆయన నాకు తలుపు తియ్యలేదండీ. ఎందుకు తియ్యలేదో, అదొక్కటి నాకు తెలియాలి. మిగతావి మీరు కనుక్కుంటే సరే, లేకపోయినా సరే."

ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి. మాట అయిపోగానే ఒళ్ళోని తువ్వాలును సగానికి మడిచింది. ఆ సగాన్ని మళ్ళీ సగానికి మడిచి, అంచులు కలిశాయో లేదో బొటనవేలితో సరిచూసుకుంది. భర్త పోయి ఇంకా పట్టుమని పదిరోజులు కాలేదు.

ఎదురుగా కూర్చున్న మనిషిని పోలీసు శాఖలో అందరూ ఆకురాయి అనేవారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అతను ఎవరిమీదా చెయ్యి చేసుకోలేదు, గొంతు పెంచలేదు. అడిగిందే మళ్ళీ అడుగుతూ, పైపొర అంతా అరిగి లోపలి లోహం బయటపడేదాకా వదిలేవాడు కాదు. పదవీ విరమణ తర్వాత సొంతంగా కేసులు చూస్తున్నాడు. ఈ ఇంటికి రావడం ఇది రెండోసారి.

"మొదటినుంచి చెప్పండమ్మా."

"మొన్న చెప్పాను కదండీ."

"మొన్న చెప్పింది విన్నాను. ఇవాళ చెప్పేది కూడా వింటాను."

ఆమె కిటికీలోంచి పెరటివైపు చూసింది. అక్కడ రేకుల షెడ్డు ఉంది. తలుపుకు పోలీసులు వేసిన సీలు ఎర్రగా కనిపిస్తోంది.

"ఆయనది ఫ్యాక్టరీలో ఫిట్టరు పని. ఏడాదిగా చేతులు వణుకుతున్నాయి. ఇక రావద్దన్నారు. అప్పటినుంచీ ఆ షెడ్డే లోకం. పాత వైసులు, అదే, ఇనుమును కదలకుండా బిగించి పట్టే దవడలు, ఎక్కడెక్కడివో తెచ్చేవాడు. పాత సామాన్ల కొట్లోంచి, మూతపడ్డ కార్ఖానాల్లోంచి. అన్నీ తుప్పు పట్టి, బిగుసుకుపోయి, దవడలు విరిగి ఉండేవి. వాటిని విప్పి, కడిగి, నూనె పెట్టి, మర మళ్ళీ తిరిగేలా చేసేవాడు. వీధిలో అందరూ దవడల డాక్టరనేవాళ్ళు. ఒకాయన నిజంగానే పన్ను నొప్పని వచ్చి బల్లమీద కూర్చున్నాడు. ఈయన కాదనకుండా నోరు తెరవమని చూసి, 'దీనికి నూనె సరిపోదండీ, పీకించుకోండి' అని పంపించాడు."

ఆమె నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఎటో పోయింది.

"ఆ రోజు?"

"పొద్దున నేను పనికి వెళ్ళాను. డ్రైక్లీనింగ్ షాపు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫోన్ చేశాడు. నవ్వాడు కూడా. సాయంత్రం ఇంటికి వస్తే షెడ్డు తలుపు లోపల గడియ. పిలిచాను. 'ఇప్పుడు కాదు, పొద్దున తీస్తా' అన్నాడు. దగ్గుతున్నాడు. అన్నం సంగతి అడిగితే నువ్వు తిను అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నాకంటే ఆ ఇనుమే ఎక్కువైపోయిందా అనుకుని, అలిగి పడుకున్నాను. పొద్దున ఎంత పిలిచినా పలకలేదు. పక్కింటివాళ్ళు తలుపు తోసి గడియ ఊడగొట్టారు. కుర్చీలో కూర్చునే ఉన్నాడు."

"మధ్యాహ్నం ఫోన్లో ఏమన్నాడు?"

"ఏదో అన్నాడండీ. షాపులో మిషన్ల చప్పుడు. సరిగా వినబడలేదు."

నవ్వు వినబడి మాట వినబడకపోవడం ఎలాగో ఆకురాయి అడగలేదు. దాన్ని పక్కన పెట్టుకున్నాడు.

ఆమె లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. అందుకుంటున్నప్పుడు అతను ఆమె వేళ్ళు చూశాడు. కణుపుల దగ్గర చర్మం తెల్లగా ఎండి, సన్నగా పగుళ్ళిచ్చింది. చీర కొంగునుంచి ఏదో తియ్యటి వాసన వచ్చింది. ఉతికిన కోటు కాగితపు సంచీలోంచి తీసినప్పుడు వచ్చే వాసన.

"షెడ్డులోకి వస్తారా?"

"నేను రాలేనండీ," అంది ఆమె. "మీరు చూసి రండి."

*

షెడ్డు ముందు ఇన్‌స్పెక్టరు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఆకురాయి దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఈ కేసు అతనిది.

"ఏం గురువుగారూ, ఇంకా గీకుతూనే ఉన్నారా? హాయిగా ఇంట్లో మొక్కలకు నీళ్ళు పోసుకోవచ్చుగా."

"పోశాను. నా చేతి నీళ్ళు వాటికి సరిపడలేదు."

ఇన్‌స్పెక్టరు చూపు దించుకున్నాడు. ఆ మొక్కలు పెట్టిన ఆకురాయి భార్య అంత్యక్రియలకు అతనూ వచ్చాడు. కొద్దిసేపు తాళం తియ్యడంలోనే మునిగిపోయినట్టు నటించి, తలుపు తెరిచాక మళ్ళీ పాత గొంతు తెచ్చుకున్నాడు.

"ఇవాళ్టితో ఇది మూసేస్తున్నాను. ఆత్మహత్య. మీకు అరగంట ఇస్తాను, అదీ పాత గౌరవంకొద్దీ."

లోపల మూడు గోడలకూ చెక్క అరలు. అరల నిండా వైసులు. బల్లకు బిగించి పనిచేసే ఇనప దవడలు అన్ని రకాలుంటాయని ఆకురాయి అప్పటిదాకా ఎరగడు. వడ్రంగివి, కమ్మరివి, గొట్టాలు పట్టేవి. కంసాలి అరచేతిలో ఇమిడే బుల్లి వైసు కూడా ఉంది. ప్రతిదాని హ్యాండిలూ నిటారుగా కిందికి వేలాడుతోంది. ప్రతిదాని దవడల మధ్యా వేలు దూరేంత ఖాళీ ఉంది. ఒళ్ళంతా ముదురు నీలం రంగు వేసినా, పాత పనివాళ్ళ రంపాలు కొరికిన గాట్లను మాత్రం ఆయన ఎక్కడా పూడ్చలేదు. ఎవరి చేతి గుర్తులు వాళ్ళకు ఉంచేశాడు.

"చూడండి." ఇన్‌స్పెక్టరు వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టాడు. "తలుపు లోపలినుంచి గడియ. కిటికీ సందుల్లో గోనెపట్టాలు కూరాడు. మూలన గ్యాస్ సిలిండరు. మనిషికి ఉద్యోగం పోయింది, చేతులు పట్టు తప్పాయి. వారం ముందు మూడు వైసులు పంచిపెట్టేశాడు. పోదామని నిశ్చయించుకున్నవాడు చేసే పని అదేగా. ఇంకా ఏం కావాలి మీకు?"

"పంచలేదు. ఆ ముగ్గురినీ కలిసి వస్తున్నాను. 'ఊరికే పెడితే మర బిగుసుకుపోతుంది, పనిలో పెట్టండి, వచ్చే నెల వచ్చి చూస్తాను' అని చెప్పి ఇచ్చాడట. వచ్చే నెల వస్తానన్న మనిషి ఈ నెల ఎందుకు పోతాడోయ్?"

"నోటి మాటలు, గురువుగారూ. మనసు మారుతుంది."

"సరే. సిలిండరు ఎవరు కట్టారు?"

"అంటే?"

"గ్యాస్ వదులుకుని చనిపోయాడంటున్నావు. సిలిండరు వాల్వు కట్టేసి ఉంది. చచ్చినవాడు కట్టడు కదా."

"మావాళ్ళు కట్టి ఉంటారు. గదిలోకి రాగానే చేసే మొదటి పని అదే."

"ఉంటారా? కట్టారా?"

ఇన్‌స్పెక్టరు ముఖం చిట్లించి ఫోన్ తీశాడు. అవతలి హెడ్ కానిస్టేబులు గొంతు ఆకురాయికి స్పష్టంగా వినిపించింది. "లేద్సార్. మేం వెళ్ళేసరికే కట్టి ఉంది. గ్యాస్ వాసన కూడా లేద్సార్. మీరు అడగలేదని చెప్పలేద్సార్."

"పెట్టెయ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆకురాయి ఏమీ ఎరగనట్టు కిటికీ దగ్గరికి నడిచాడు. గోనెపట్టాను తడిమాడు. దాని మడతల్లో మసి ఉంది. ఆ మసి మీద దుమ్ము, దుమ్ము మీద మళ్ళీ మసి. కిటికీ చట్రానికి నాలుగు మేకులు కొట్టి ఉన్నాయి. మేకులు దూరేచోట గోనె చిరుగులు అరిగి గుండ్రమైపోయాయి.

"ఇది ఒక్కరోజు కట్టిన పట్టా కాదు. ఎన్నోసార్లు కట్టి విప్పాడు. అన్నిసార్లూ చచ్చిపోదామనేనా?"

"మరెందుకు?"

"ఆ పొయ్యి మీద చూడు."

బల్ల పక్కన ఇటుకల పొయ్యి. దానిమీద గ్యాస్ మంట చిమ్మే టార్చి, ఇత్తడి కడ్డీ ముక్కలు, అతుకు పట్టించే తెల్లటి పొడి డబ్బా. ఒక కడ్డీ కొస కరిగి చుక్కలా ఆగిపోయింది.

"ఆ రోజు దేనికో ఇత్తడితో అతుకు వేశాడు. ఈ వైసులన్నీ పోత ఇనుము. పోత ఇనుమును బాగా కాల్చి అతుకు వేశాక చల్లగాలి తగిలిందో, టప్పుమని మళ్ళీ పగులుతుంది. పసిపిల్లలా చూసుకోవాలి దాన్ని. అందుకే కిటికీలు మూశాడు. ఆ తలుపు చూడు, గడియ పెట్టకపోతే ఆనదు. గాలికి తెరుచుకుంటుంది. ఆ వారం అంతా ఎంత గాలి వీచిందో నీకు గుర్తుందిగా."

"బాగుంది. అయితే ఆ అతుకు వేసిన వస్తువేదీ? బల్ల మీద లేదు, పొయ్యి మీద లేదు. మావాళ్ళు గదంతా వెతికారు."

ఆకురాయి చుట్టూ చూశాడు. ఆయన కూర్చుని పోయిన కుర్చీ బల్లవైపు లేదు, తలుపువైపు లేదు. మూలనున్న ఒక రేకు డ్రమ్మువైపు తిరిగి ఉంది. డ్రమ్ము నిండా మెత్తటి కట్టెల బూడిద. అతను చొక్కా చెయ్యి పైకి మడిచి మోచెయ్యి దాకా లోపలికి దించాడు. వేళ్ళకు ఇనుము తగిలింది.

ఇద్దరూ కలిసి పైకి లాగి బల్లమీద పెట్టారు. పెద్ద వైసు దవడ అది, మంచి బరువు. ఆకురాయి చేత్తో బూడిద తుడిచాడు. నల్లటి ఇనుము మధ్యలో, మెడ దగ్గర, ఈ చివరినుంచి ఆ చివరిదాకా పసుపు పచ్చటి గీత. ఎక్కడా తెగలేదు, ఎక్కడా ఉబ్బలేదు. వణికే చేతులవాడు వేసిన గీత అది.

"నెమ్మదిగా చల్లారాలని బూడిదలో పాతిపెట్టాడు. రాత్రంతా చల్లారాలి. పొద్దున తీసి చూడాలి. ఆమెతో తలుపవతలినుంచి అన్నది కూడా అదే. 'పొద్దున తీస్తా.' ఆయన చావుకోసం కూర్చోలేదోయ్, ఇది చల్లారడం కోసం కాపలా కూర్చున్నాడు."

ఇన్‌స్పెక్టరు చాలాసేపు ఆ గీతను చూశాడు. చెడ్డవాడు కాదతను, తొందర మనిషి. "ఒప్పుకున్నాను," అన్నాడు చివరికి. "అయితే ఎలా పోయాడు? పోస్టుమార్టంలో గుండె బాగానే ఉంది. ఊపిరితిత్తుల్లో మాత్రం నీరు."

"పొద్దున డాక్టరుతో మాట్లాడాను. 'పొడిగదిలో మునిగిపోయిన మనిషి, నాకూ అంతుపట్టలేదు' అన్నాడు."

"అయితే గాలిలోంచి నీళ్ళొచ్చాయా?"

ఆకురాయి మళ్ళీ బల్లమీదికి వంగాడు. ఆ దవడను వెలుతురుకు తిప్పి చూస్తున్నాడు. పాత వైసులో మర తిరిగే గొట్టం లోపల ఏళ్ళనాటి గ్రీజు గడ్డకట్టి ఉంటుంది. ఇందులో లేదు. మూలమూలలా, గీతలు గీతలుగా, ఎవరో కూర్చుని తుడిచినట్టుంది. బల్లమీద తీగబ్రష్షు ఉంది, కిరసనాయిలు డబ్బా ఉంది. రెండింటికీ పైన దుమ్ము. ఆయన మిగతావాటిని కడిగే పద్ధతి అది. దీన్ని అలా కడగలేదు.

బల్లకింద మూతబిగించిన డబ్బా ఒకటుంది. నూనెగుడ్డలు తమంతట తామే అంటుకునే ప్రమాదం ఉంటుంది కనుక తెలిసినవాళ్ళు వాటిని అలా మూత డబ్బాలో వేస్తారు. ఆకురాయి మూత తీశాడు. లోపల ఉండలుగా నలిపి విసిరేసిన గుడ్డలు. నూనె, గ్రీజు, తుప్పు. వాటి అడుగున మరో మూడు గుడ్డలు. అవీ నల్లగానే ఉన్నాయి, జిడ్డుతో బరువెక్కాయి. కానీ వాటిని నలపలేదు. ఇంకెందుకూ పనికిరాని ఆ మురికిగుడ్డల్ని కూడా ఎవరో సగానికి, ఆ సగాన్ని మళ్ళీ సగానికి మడిచి, అంచులు కలిపి, ఒకదానిమీద ఒకటి పేర్చి పెట్టారు.

అతను ఒకటి పైకి తీశాడు. ముక్కు దగ్గరికి తీసుకెళ్ళాల్సిన పని కూడా లేకపోయింది. తియ్యటి వాసన.

ఇందాక ఇంట్లో నీళ్ళ గ్లాసుతోపాటు వచ్చిన వాసనే. చచ్చిపోయినాయన కుర్చీలోనే కూర్చుండిపోయాడు.

"ఏమైంది?"

"చాలా ఏళ్ళ కిందట బస్సుల షెడ్డులో ఒక వెల్డరు పోయాడు. నువ్వప్పటికి చేరలేదు. జిడ్డు తీసే మందుతో కడిగిన తొట్టికి అతుకు వేశాడు. ఆ మందుతో చేతులు కడుక్కుంటే చర్మం ఎండి పగులుతుంది, అంతే. కానీ దాని ఆవిరికి మంట తగిలితే వేరే వాయువవుతుంది. పెద్దగా ఘాటు ఉండదు, కోసిన గడ్డి వాసన వేస్తుందంటారు. పీల్చినవాడు కొంచెం దగ్గుతాడు, అంతే. ఆ వెల్డరు ఇంటికెళ్ళాడు, టీ తాగాడు, పిల్లలతో మాట్లాడాడు. తెల్లవారేసరికి ఊపిరితిత్తుల నిండా నీరు."

ఇన్‌స్పెక్టరు గుడ్డ వాసన చూశాడు. "ఇది మా ఇంటికి ఉతికి తెచ్చే కోట్ల వాసన."

"డ్రైక్లీనింగ్ మందు. మరకల మీద వేస్తారు. బట్ట మీదనుంచి నిమిషంలో ఎగిరిపోతుంది. ఈ పోత ఇనుము మాత్రం స్పాంజిలాంటిది. పైకి గట్టిగా ఉంటుంది, లోపలంతా సన్నటి రంధ్రాలు. నూనెనూ తాగుతుంది, మందునూ తాగుతుంది. ఆ పగులులో, గొట్టంలో మిగిలిపోయి ఉంటుంది. ఆయన టార్చి పెట్టాడు."

"అంటే..." ఇన్‌స్పెక్టరు ఇంటివైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "ఆవిడా?"

"ఆవిడకు ఇది తెలియదు."

"తెలుసో తెలియదో నేను కాదు తేల్చాల్సింది. గురువుగారూ, మీరు ఏం తవ్వారో మీకు అర్థమవుతోందా? నా కాగితం ప్రకారం ఈ కేసు ఇవాళ సాయంత్రానికి మూతపడుతుంది. ఆమె ఏడుస్తుంది, ఏదో ఒకనాటికి తేరుకుంటుంది. మీరు చెప్పింది రాస్తే నేను ఆమెమీద కేసు పెట్టాలి. కోర్టుకు తిప్పాలి. మొగుణ్ణి చంపిన మనిషిగా ఆ వీధిలో బతకాలి. నా అబద్ధం ఆమెకు మంచిదా, మీ నిజం మంచిదా?"

ఆకురాయి బూడిద అంటిన చేతిని చూసుకున్నాడు. పాతికేళ్ళలో ఎవరూ అతన్ని ఇలా నిలదీయలేదు. 

"మూడోది ఒకటుంది," అన్నాడు. "సహజ మరణం. ఊపిరితిత్తుల జబ్బు. డాక్టరు కాదనడు. ఆయన తనంతట తాను పోలేదని ఆమెకు చెబుతాం. అంతవరకే చెబుతాం."

ఇన్‌స్పెక్టరు అతనివైపు వింతగా చూశాడు. "మీరా ఈ మాట అంటున్నది? సగం నిజం రాసినందుకు నాకు మూడు నెలలు మాట్లాడకుండా శిక్ష వేసిన మనిషి?"

"నేనే."

ఇన్‌స్పెక్టరు తలూపాడు. ఆకురాయి చేతిలోని గుడ్డను డబ్బాలో వేసి మూత పెట్టబోయాడు.

"దాన్ని ఉండనివ్వండి," అంది ఒక గొంతు.

*

ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో ఇద్దరికీ తెలియలేదు. రాలేనన్న మనిషి గడప దాటి లోపలికి వచ్చింది. ఎవరివైపూ చూడకుండా నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి, ఆ పచ్చటి గీత మీద వేలు పెట్టి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిపించింది.

"అతుకు పట్టిందా?"

"పట్టిందమ్మా," అన్నాడు ఆకురాయి.

"ఇది నా వైసండీ. పాత సామాన్ల గుట్టలో నేనే చూసి తెచ్చాను. ఇది బతకదు పొమ్మన్నాడు. లోపలికంటా జిడ్డు తాగేసింది, ఇత్తడి దీనికి అంటుకోదన్నాడు. రెండుసార్లు ప్రయత్నించాడు కూడా. బల్లకింద పడేశాడు. నా వైసుకు మోక్షం ఎప్పుడని నేను ఏడిపించేదాన్ని."

"అమ్మా, ముందు ఒక మాట వినండి. ఆయన మిమ్మల్ని వదిలేసి పోలేదు. తలుపు గడియ గాలికోసం పెట్టాడు. ఇది చల్లారేదాకా గాలి తగలకూడదు. పొద్దున మీకు చూపిద్దామనుకున్నాడు. ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు లోలోపల ముదిరింది. ఆ రాత్రి..."

"అవునమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "సహజ మరణమని రాసేస్తాను. నేను ముందు పొరబడ్డాను."

ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. బడిలో పిల్లలు కూడబలుక్కుని ఒకటే అబద్ధం చెబితే చూసినట్టు చూసింది.

"మీరిద్దరూ మంచివాళ్ళు," అంది. వంగి డబ్బాలోంచి ఆ గుడ్డ తీసింది. "ఈ మడత నాది."

ఆకురాయి డబ్బా మూతను బల్లమీద పెట్టాడు.

"ఈమధ్య వణుకు మరీ ముదిరి ఆయన పనిముట్లు ముట్టుకోవడం మానేశాడు. అలా గోడకేసి చూస్తూ కూర్చుంటే నేను చూడలేకపోయాను. ఇది శుభ్రపడితే మళ్ళీ టార్చి పట్టుకుంటాడనుకున్నాను. షాపునుంచి మరకల మందు తెచ్చాను. ఆయన లేవకముందే కూర్చుని తుడిచి, ఏమీ ఎరగనట్టు పనికి పోయాను. మధ్యాహ్నం ఫోన్ చేసి, 'ఏ దయ్యం కడిగిందే దీన్ని?' అన్నాడు. నాకు తెలియదు, ఏ పిల్లదయ్యమో అన్నాను. 'ఆ దయ్యాన్ని తొందరగా ఇంటికి రమ్మను' అన్నాడు. దేంతో కడిగావని అడిగి ఉంటే చెప్పేదాన్ని. అడగలేదు. నేనూ ఆటలో పడి చెప్పలేదు."

"మీకు తెలియక జరిగిందమ్మా," అన్నాడు ఆకురాయి.

"అప్పుడు తెలియదు. మా షాపులో ఒకసారి ఇస్త్రీ పొయ్యి పక్కన ఆ మందు డబ్బా పెడితే ఒకామె వారంరోజులు దగ్గింది. అప్పటినుంచి పొయ్యి బయటే. ఇనుము మీద కూడా ఆరిపోతుందిలే అనుకున్నాను. సాయంత్రం తలుపవతల అదే దగ్గు విన్నాను. అలకలో ఉన్నాను, గుర్తుపట్టలేదు. తెల్లారి గుర్తుపట్టాను."

"మరి నన్నెందుకు పిలిచారు?"

ఆమె ఆలోచించుకుంది. జవాబు కోసం కాదు, ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నదాన్ని ఎటువైపునుంచి ఎత్తాలా అని.

"ఆత్మహత్య అని వీళ్ళు చెప్పినప్పుడు మొదట నాకు ప్రాణం లేచివచ్చినట్టయిందండీ. అబద్ధమెందుకు చెప్పాలి. ఆ పాపం నా చేతిమీదనుంచి దిగిపోయింది కదా అనుకున్నాను. రెండురోజులు గడిచాక అది ఇంకా బరువైంది. నా వంక ఒకసారైనా చూడకుండా, ఒక మాటైనా చెప్పకుండా, తలుపేసుకుని పోయాడంటే ఇక నేనెవర్ని? ఇంతకాలం కలిసి బతికింది దేనికి? నావల్ల పోయాడంటే నేను బతకగలను. నన్ను వద్దనుకుని పోయాడంటే బతకలేను. ఏది నిజమో తెలియక రెండిటి మధ్యా నలిగిపోయాను. ఈ గదిలోకి వచ్చి చూసుకునే ధైర్యం లేక మిమ్మల్ని పంపాను."

ఆమె వేలు ఇంకా ఆ గీత మీదే ఉంది.

"ఇప్పుడు తెలిసింది కదండీ. ఇలా వెయ్యడానికి చెయ్యి ఎంత నిలబడాలో నాకు తెలుసు. సంతోషంగా ఉంటేనే ఆయన చెయ్యి నిలబడేది."

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "సహజ మరణమనే ఉంచేద్దామమ్మా. నేనేమీ విననట్టే."

"వద్దండీ. సహజమంటే వీధిలోవాళ్ళు నమ్మరు. మీవాళ్ళు ఒకసారి ఆత్మహత్య అనేశారు, ఆ మాట ఆయన్ని వదలదు. పెళ్ళాంతో పడక ప్రాణం తీసుకున్నాడని, చేతులు చెడి తీసుకున్నాడని చెప్పుకుంటారు. ఉన్నది ఉన్నట్టు రాయండి. నేను సంతకం పెడతాను."

"కేసవుతుంది."

"అవనివ్వండి."

ఇన్‌స్పెక్టరు సాయంకోసం ఆకురాయివైపు చూశాడు. ఆకురాయి కుర్చీలోంచి లేచి, దాన్ని ఆమెకోసం బల్ల దగ్గరికి జరిపాడు. ఆమె కూర్చుంది. ఇన్‌స్పెక్టరు సంచీలోంచి కాగితాలు తీసి, బల్లమీద ఇత్తడి ముక్కల్ని పక్కకు నెట్టి, రాయడం మొదలుపెట్టాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు. ఎక్కడా ఆపలేదు, అడ్డు ప్రశ్న వెయ్యలేదు. అంతా అయ్యాక పైకి చదివి వినిపించాడు.

"...డ్రైక్లీనింగ్ షాపునుంచి తెచ్చిన మందుతో సదరు వైసును శుభ్రపరచి, ఆ సంగతి భర్తకు తెలియజేయక, నిర్లక్ష్యంవల్ల ఆయన మరణానికి కారణమైనానని..."

"ఆ మాట కాదు," అంది ఆమె.

"ఏ మాటమ్మా?"

"నిర్లక్ష్యం. నేను చాలా శ్రద్ధగా తుడిచాను."

వరుసల వెంట నడుస్తున్న కలం ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు తల ఎత్తాడు, ఆకురాయి కళ్ళలోకి చూశాడు. పోలీసు శాఖలో ఇద్దరూ చదువుకున్నది ఒకే చట్టం. అందులో ఇలాంటి చావుకు రెండే గదులున్నాయి. చంపినవాళ్ళు ఏమరుపాటుతో చేసి ఉండాలి, లేదా తెలిసి చేసి ఉండాలి. ఏమరుపాటు కాదని సంతకం పెట్టిన మనిషిని రేపు కోర్టులో ఏ వకీలైనా రెండో గదిలోకే తోస్తాడు. మందు గురించి షాపులో ముందే తెలుసని ఆమే చెప్పింది. దగ్గు విన్నానని ఆమే చెప్పింది. తలుపు తీయించకుండా అలిగి పడుకున్నానని కూడా ఆమే చెప్పింది.

నిర్లక్ష్యం అన్న ఆ ఒక్క మాటే ఇప్పుడు ఆమెను కాస్తున్నది.

"అమ్మా," అన్నాడు ఆకురాయి. జీవితంలో మొదటిసారి అతని గొంతు ప్రశ్నలా కాక వేడుకోలులా వచ్చింది. "ఆ మాట ఉండనివ్వండి. చట్టం భాష అలాగే ఉంటుంది. అది మిమ్మల్ని అన్నట్టు కాదు."

"ఆయన చదివితే ఏమనుకుంటాడండీ?" అంది ఆమె. "కొట్టెయ్యండి."

ఇన్‌స్పెక్టరు కలం కాగితానికి జానెడు ఎత్తులో అలాగే నిలిచిపోయింది. ఆమె చెయ్యి చాచి, అతని వేళ్ళమధ్యనుంచి దాన్ని మెల్లగా తీసుకుంది.